సీమ పందుల్లో రక్త విరేచనాలు ఎందుకు తిరగబెడుతున్నాయి?

ప్రశ్న: మా సీమ పందుల్లో మూడు నెలల పిల్లలు మొదట బూడిదరంగులో పల్చగా పారుకున్నాయి. ఇప్పుడు రక్తం, జిగురు పడుతోంది. షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ పొడి దాణాలో కలిపితే రెండు రోజులు తగ్గి మళ్లీ మొదలైంది. రెండు చనిపోయాయి. ఏం చేయాలి?
– ఒక రైతు, పద్మనాభం మండలం, విశాఖపట్నం జిల్లా

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది స్వైన్ డిసెంటరీ (పందుల రక్త విరేచనాల జబ్బు) కావచ్చు. బ్రాకీస్పైరా అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. చిన్నపేగు జోలికి పోదు. పెద్దపేగు లోపలి పొర మాత్రం ఎర్రగా వాచి, రక్తం, జిగురుతో నిండిపోతుంది. కానీ సాల్మొనెల్లా అనే మరో బ్యాక్టీరియా ఉన్నా, పెద్దపేగులో కొరడా పురుగులు ఉన్నా ఇలాగే పారుకుంటాయి. పురుగులకు యాంటీబయాటిక్ పనిచేయదు. అందుకే ఇంకో పొడి కొనకముందే పేడ నమూనా పరీక్ష చేయించండి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. తీవ్ర జ్వరం ఉండి, చెవులు, పొట్ట కింద చర్మం ఎర్రబడితే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే వైరస్ జబ్బును అనుమానించాలి. ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. చచ్చిన పందిని మీరు కోయకండి.

మందు దాణాలో కలపడం దగ్గరే చాలామందికి దెబ్బ తగులుతోంది. జబ్బు పడ్డ పంది మేత మానేస్తుంది, నీళ్లు మాత్రం తాగుతుంది. దాంతో మందు బాగున్నవాటికే అందుతుంది. స్వైన్ డిసెంటరీ అని తేలితే సాధారణంగా టియాములిన్ అనే యాంటీబయాటిక్‌ను నీటిలో ఇస్తాం. కిలో బరువుకు రోజుకు సుమారు 8 మిల్లీగ్రాముల చొప్పున 5 రోజులు. అంటే 30 కిలోల పందికి 240 మిల్లీగ్రాములు. ఇది అసలు మందు లెక్క, పొడి బరువు కాదు. పొడిలో మందు ఎంత శాతముందో చూసి, మోతాదు డాక్టరు చేతే రాయించుకోండి. రెండో రోజుకే తగ్గినట్టు కనిపించినా ఆపొద్దు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా. మిగిలిపోయిన బ్రాయిలర్ దాణా పందులకు వేసే అలవాటు ఉంటే వెంటనే మానండి. అందులో కోళ్లకు రక్తపారుడు రాకుండా కలిపే మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి మందులు ఉండొచ్చు. టియాములిన్‌తో కలిస్తే అవి విషమై పందులు కాళ్లు చచ్చుబడి చనిపోతాయి. మందుకు ముందు, తర్వాత కనీసం 7 రోజులు ఆ దాణా తగలకూడదు. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ ఉన్న పొడి ఎవరు ఇచ్చినా తీసుకోకండి, పశువుల్లో దాని వాడకాన్ని 2019లోనే నిషేధించారు.

తడి పేడలో ఈ బ్యాక్టీరియా రోజుల తరబడి బతుకుతుంది, ఎండితే త్వరగా చస్తుంది. మందు నడుస్తుండగానే గదులు కడిగి, బాగా ఆరనివ్వండి. కోలుకున్న పందులను కొత్తవాటితో కలపకండి. ఎలుకలు కూడా దీన్ని నెలల తరబడి మోస్తాయి కాబట్టి వాటిని షెడ్డులోకి రానివ్వకండి. మందు వేశాక ఎన్ని రోజులు ఆగాలని లేబుల్‌పై రాసి ఉందో అన్ని రోజులు గడిచేదాకా పందులను కోతకు అమ్మవద్దు.