పాఠం చెప్పాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం డిగ్రీ, పీజీ చదువుతూ పిల్లలకు పాఠాలు చెప్పాలనుకునేవాళ్లవి. వాటిలో కొన్నింటికి జవాబులివి.

ప్ర: డిగ్రీ రెండో సంవత్సరం, గణితం. టీచర్ కావాలన్నది ఆలోచన. వారానికి మూడు గంటలకు మించి తీరిక లేదు. ఎలాంటి అవకాశాలుంటాయి? ఏది ఎంచుకోవాలి?

జ: మూడు గంటలు చాలు. అయితే ఆ మూడూ ఆదివారం ఒక్కపూటలో పెట్టేస్తే పిల్లలకు దక్కేది తక్కువ. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి అరగంట నుంచి గంట, ప్రతిసారీ అదే ట్యూటర్, గుంపులో ముగ్గురు నలుగురికి మించకుండా: బాగా ఫలితమిచ్చిన కార్యక్రమాల్లో సాధారణంగా కనిపించే లెక్క ఇది. ఒక్కొక్కరికీ విడిగా చెబితే సగటు విద్యార్థి కూడా మామూలు తరగతిలోని 98 శాతం మందిని దాటిపోతాడని 1984లో విద్యా పరిశోధకుడు బెంజమిన్ బ్లూమ్ రాశారు. 2011లో కర్ట్ వాన్‌లెన్ అనే మరో పరిశోధకుడు పాత అధ్యయనాల్ని తిరగేసి, అసలు లాభం అందులో సగం కూడా లేదని తేల్చారు. ఆ మాత్రం లాభమూ చాలా పెద్దదే లెండి. అద్భుతాలు జరుగుతాయని మాత్రం వెళ్లకండి.

అవకాశాలు స్థూలంగా నాలుగు రకాలు. బడి వేళల్లోనే వెనకబడిన పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పేవి. సాయంత్రం హోంవర్క్ కేంద్రాలు. మీ క్యాంపస్‌లోనే జూనియర్లకు చెప్పే పీర్ ట్యూటరింగ్. గ్రంథాలయాలు, మ్యూజియంలు, వేసవి శిబిరాల్లో కథలు, ప్రయోగాలు, ఆటలు. టీచర్ కావాలనుకునేవాళ్లు మొదటిదాంతో మొదలుపెట్టడం మంచిది. పిల్లలు ఎలాగూ బడిలోనే ఉంటారు కాబట్టి హాజరు గొడవ తక్కువ, క్లాస్ టీచర్ పక్కనే ఉంటారు. హోంవర్క్ కేంద్రంలో ఆరేళ్లవాడూ పద్నాలుగేళ్లవాడూ ఒకే బల్ల దగ్గరుంటారు. అది చేయి తిరిగినవాళ్ల పని. పీర్ ట్యూటరింగ్‌లో మీ సబ్జెక్టు మీకే గట్టిపడుతుంది, కొన్నిచోట్ల డబ్బులూ ఇస్తారు.

చేరేముందు కొన్ని అడగండి. శిక్షణ ఎన్ని గంటలు? ప్రతిసారీ అదే పిల్లల్ని ఇస్తారా? ఎన్ని వారాలు? చిక్కు వస్తే ఎవరికి చెప్పాలి? క్లాస్ టీచర్‌తో మాట్లాడే వీలుందా? వీటికి జవాబుగా ‘వచ్చేయండి, పిల్లలున్నారు, తోచింది చెప్పండి’ అంటే ఇంకో చోటు చూసుకోండి.

ప్ర: ఐదో తరగతి పాపకు లెక్కలు చెబుతున్నాను. 52లోంచి 37 తీసేయమంటే 25 అంటుంది. అప్పు తీసుకోవడం నాలుగుసార్లు చెప్పాను. నా ముందు సరిగ్గానే చేస్తుంది, తర్వాతి క్లాసుకి మళ్లీ 25. శ్రద్ధ లేదా?

జ: శ్రద్ధ ఉంది కాబట్టే ప్రతిసారీ 25 వస్తోంది. ఒకట్ల స్థానంలో 7లోంచి 2, పదుల స్థానంలో 5లోంచి 3. ఏ అంకె పైనున్నా సరే, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయాలన్నది తను తయారుచేసుకున్న సూత్రం. తీసివేతల్లో ఇలాంటి స్థిరమైన తప్పుడు పద్ధతుల్ని 1978లో బ్రౌన్, బర్టన్ అనే పరిశోధకులు పెద్ద జాబితాగా వర్గీకరించారు.

ముందు పరీక్షించండి. 68−23, 81−46, 70−28, 403−157 ఇచ్చి, ఏమీ సాయం చేయకుండా చూడండి. జవాబులు 45, 45, 58, 354 అని వస్తే మీ పాప సూత్రం ఇదేనని ఖాయం. (మొదటిది సరైనదే, అక్కడ అప్పు అవసరం లేదు. రెండోదానికీ అదే 45 వచ్చిందేమని పాప ఆగి చూస్తే, అది మంచి సూచన.) మొదటి మూడూ సరిగ్గా చేసి 403 దగ్గర మాత్రమే తప్పితే జబ్బు వేరు: మధ్యలో సున్నా ఉంటే అప్పు ఎక్కడ తేవాలో తెలియడం లేదు. రెండింటికీ మందు ఒకటి కాదు.

మీ వివరణ నిలవకపోవడానికి కారణం, మీరు కొత్త పద్ధతి నేర్పారు గానీ పాతది తప్పని ఆమెకు తెలియలేదు. 25కి 37 కలిపి చూడమనండి. 62 వస్తుంది, 52 రాదు. ఆ ఆశ్చర్యం తన చేత్తోనే కలగాలి. తర్వాత పుల్లల్ని పదేసి చొప్పున కట్టలు కట్టి, ఐదు కట్టలూ రెండు విడి పుల్లలూ చేతికిచ్చి 37 ఇమ్మనండి. కట్ట విప్పక తప్పదు. విప్పాక కట్టలు నాలుగు, విడివి పన్నెండు. ఇలా మూడు నాలుగు లెక్కలు పుల్లలతోనే చేయించి, ఆ తర్వాత కాగితం మీద పక్కనే రాయించండి. తర్వాతి క్లాసు ఇలాంటి రెండు లెక్కలతోనే మొదలుకావాలి. వారం తర్వాత మరో రెండు.

ఇంకొకటి. ప్రశ్న అడిగాక మూడు సెకన్లు నోరు మెదపకండి. టీచర్లు మామూలుగా సెకను మాత్రమే ఆగుతారనీ, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవుగా, ఆలోచనతో వస్తాయనీ మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970లలో చూపించారు. వినడానికి సులువు, చేయడం కష్టం. మనసులో అంకెలు లెక్కపెట్టుకోండి.

ప్ర: మూడో తరగతి పిల్లాడు చదువుతుంటే ఏ పుస్తకం ఇవ్వాలో తేలడం లేదు.

జ: వంద పదాల పేరా బయటికి చదివించి, మీ దగ్గరున్న నకలులో తప్పుల్ని గుర్తుపెట్టండి. ఐదు లోపు తప్పులైతే ఆ పుస్తకం తను ఒంటరిగా చదువుకోవచ్చు. ఐదు నుంచి పది వరకూ మీరు పక్కనుంటే సరిపోతుంది. పది దాటితే పక్కన పెట్టేయండి; అర్థం జారిపోతుంది, విసుగు మిగులుతుంది. ఎన్ని తప్పులన్న దానికంటే ఎలాంటివన్నది ముఖ్యం. ‘గుడ్డు’ను ‘గుడు’ అంటే ఒత్తు దగ్గర పని ఉంది. ‘పలక’ను ‘పలుకు’ అంటే మొదటి అక్షరం చూసి ఊహిస్తున్నాడు. పదం మీద వేలు పెట్టి అక్షరం అక్షరం చదివించాలి. తప్పు పడగానే అందుకోకండి, వాక్యం పూర్తయ్యేదాకా ఆగండి. అర్థం కుదరక పిల్లలు తామే సరిదిద్దుకుంటారు చాలాసార్లు.

ప్ర: శనివారం సైన్స్ క్లబ్బు, ఇరవైమంది, తొంభై నిమిషాలు. మొదటిసారి ఏం చేయించాలి?

జ: లోలకం. సామాను చౌక, ఫలితం నమ్మదగ్గది. నలుగురేసి ఐదు గుంపులు. ఒక్కో గుంపుకి 70 సెంటీమీటర్ల దారం, ఒకే రకం వాషర్లు మూడు, పెన్సిలు, టేపు, స్కేలు, స్టాప్‌వాచ్. పెన్సిలును బల్ల అంచున టేపుతో బిగించి దారం వేలాడదీయాలి. చేత్తో పట్టుకుంటే చెయ్యి ఊగి లెక్క పాడవుతుంది.

ముందు అడగండి: నెమ్మదిగా ఊగాలంటే బరువు పెంచాలా, ఎక్కువ దూరం లాగి వదలాలా, దారం పొడిగించాలా? ఓట్లు బోర్డు మీద రాయండి. అప్పుడు 25, 50 సెంటీమీటర్ల పొడవుతో పది ఊపులకు (వెళ్లి తిరిగొస్తే ఒక ఊపు) పట్టే కాలం కొలిపించండి. దాదాపు 10, 14 సెకన్లు వస్తాయి. వాషర్లు ఒకటికి రెండు, మూడు చేసినా మారదు.

తేడా వచ్చేది మూడుచోట్ల. వదిలినప్పుడే ‘ఒకటి’ అనేస్తారు, దాంతో తొమ్మిది ఊపులే కొలిచినట్టవుతుంది. ‘సున్నా’తో మొదలుపెట్టమనండి. పొడవును ముడి దాకా కొలుస్తారు, వాషరు మధ్య దాకా కొలవాలి. వాషర్లను ఒకదాని కింద ఒకటి వేలాడదీస్తే పొడవు పెరిగి, బరువు వల్లే మారిందని నమ్మేస్తారు; ఒకేచోట గుత్తిగా కట్టించండి. దూరంగా లాగి వదిలినా కాలం కాస్త పెరుగుతుంది, కొద్దిగానే లాగనివ్వండి.

చివరన తలుపు చట్రానికి మీటరు పొడవు లోలకం కట్టి, పది ఊపులకు ఎన్ని సెకన్లు పడుతుందో ముందే చెప్పమనండి. పద్దెనిమిదని కొందరు, నలభై అని కొందరు అంటారు. వచ్చేది 20. పొడవు నాలుగింతలైతే కాలం రెండింతలు. ఇక్కడ మీరు సూత్రం చెప్పేయాలని నోరు దురదపెడుతుంది. వాళ్లనే చెప్పనివ్వండి. సామాను పంచడానికి, సర్దడానికి కలిపి అరగంట పోతుంది, గంట పనే రాసుకోండి.

ప్ర: పిల్లాడు నా నంబరు అడుగుతున్నాడు. ఇవ్వనా?

జ: వద్దు. తల్లిదండ్రులతో మాటలన్నీ కార్యక్రమ సమన్వయకర్త ద్వారానే జరగాలి. తలుపు తీసి ఉన్న గదిలో, నలుగురికీ కనిపించేచోట కూర్చోండి. అనుమతి లేకుండా ఫొటోలు తీయకండి, పెట్టకండి. ‘ఎవరికీ చెప్పకండి’ అంటూ ఇంట్లో దెబ్బలు తగులుతున్నాయని పిల్లాడు చెబితే, చెప్పనని మాటివ్వకండి. సాయం చేయగలవాళ్లకు చెబుతానని అతనితోనే అని, అతని మాటల్ని అతను చెప్పినట్టే రాసి అదే రోజు బాధ్యులకు అందజేయండి. మీరు విచారణ చేయడానికి దిగొద్దు.

ప్ర: సెమిస్టర్ పరీక్షలప్పుడు ఎలా మానేయాలి?

జ: మొదటి వారమే మీ పరీక్షల తేదీలు చెప్పేయండి. పిల్లలకు రెండు వారాల ముందు, క్యాలెండర్‌లో చూపించి, మళ్లీ ఏ రోజు వస్తారో గుర్తుపెట్టించండి. మీ స్థానంలో వచ్చేవాళ్లకు ఒక పేజీ రాసివ్వండి: ఏ లెక్క దగ్గర ఆగాం, ఏ తప్పు మళ్లీ వస్తోంది, ఏ పుస్తకం సగంలో ఉంది.