బరువు తగ్గే సర్జరీ: మొదటి కన్సల్టేషన్‌కి ముందే చూసుకోవాల్సిన డబ్బు లెక్క

ప్రశ్న: మాది గాజువాక. నా వయసు 39, ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 95 కేజీలు. నాలుగేళ్ళుగా షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నా అదుపులోకి రావడం లేదు. మావారు పరవాడ ఫార్మాసిటీలో పనిచేస్తారు, వాళ్ళ కంపెనీ ఇన్సూరెన్స్ కుటుంబం మొత్తానికి 3 లక్షలు. అది కాక 14 నెలల కిందట 5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే పాలసీ) కూడా తీసుకున్నాం. బ్యాంకులో 2.5 లక్షల ఎఫ్‌డీ ఉంది, 5 లక్షల చిట్టీ నెలకి 20 వేల చొప్పున 11 నెలలు కట్టాం. వచ్చే శనివారం హెల్త్ సిటీలో ఒక బేరియాట్రిక్ (బరువు తగ్గించే సర్జరీ చేసే) సర్జన్‌ని మొదటిసారి కలుస్తున్నాం. చిట్టీ పాడేసి డబ్బు దగ్గర పెట్టుకోమంటారా, ఎఫ్‌డీ తీసేయమంటారా? సర్జరీ ఖర్చు టాక్స్‌లో తగ్గుతుందా? మా ఇంట్లో పెద్దవాళ్ళు తిండి తగ్గించుకుంటే పోయేదానికి ఇన్ని లక్షలు ఎందుకు అంటున్నారు.

జవాబు: ముందు ఆ చివరి మాట గురించి చెప్తాను. అదుపులో లేని షుగర్‌కి, దాని వెనకున్న ఊబకాయానికి చేసే వైద్యం ఇది, అందం కోసం పెట్టే ఖర్చు కాదు. చేయించుకోవాలా వద్దా అన్నది మీరూ డాక్టరూ తేల్చుకోవాల్సిన విషయం. దాంట్లో నేను వేలు పెట్టను, ఇంట్లో పెద్దవాళ్ళు కూడా పెట్టకపోతే మంచిది. నా పని డబ్బు వరకే, ఆ లెక్కలో నేను గట్టిగా చెప్పేది ఒకటే. శనివారం మీరు డబ్బు పట్టుకెళ్ళకండి, కాగితాలు పట్టుకెళ్ళండి. క్లెయిమ్ మొదలయ్యేది ఆసుపత్రిలో చేరిన రోజున కాదు, మొదటి ఓపీ చీటీ మీద డాక్టర్ రాసిన రోజునే. చిట్టీ, ఎఫ్‌డీ రెండూ అప్పటిదాకా కదపొద్దు.

ఎందుకో చెప్తాను. మీ బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, సుమారు 38. ఊబకాయం సర్జరీకి ఎప్పుడు డబ్బివ్వాలో ఇన్సూరెన్స్ కంపెనీలకి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లోనే ఒకే రకం నిబంధన పెట్టింది. పాలసీ కాగితాల్లో అది 'ఎక్స్‌క్ల్ 06' అనే కోడ్‌తో కనిపిస్తుంది. దాని ప్రకారం వయసు 18 నిండాలి, డాక్టర్ సలహా ఉండాలి, బీఎంఐ 40 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి. 35 నుంచి 40 మధ్య ఉంటే మాత్రం నాలుగు జబ్బుల్లో ఒకటైనా ఉండాలి: అదుపులో లేని టైప్ 2 షుగర్, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో శ్వాస ఆగిపోవడం), కరోనరీ గుండె జబ్బు (గుండె రక్తనాళాల జబ్బు), ఊబకాయం వల్ల వచ్చిన కార్డియోమయోపతి (గుండె కండరం జబ్బు). పైగా మామూలు పద్ధతుల్లో బరువు తగ్గడానికి ప్రయత్నించి ఫలితం రాలేదని కూడా కనిపించాలి. ఆ జాబితాలో మోకాళ్ళ నొప్పి లేదు, బీపీ లేదు, థైరాయిడ్ లేదు, పీసీఓడీ లేదు. మన దగ్గర ఎక్కువమంది డాక్టర్‌కి మొదట చెప్పుకునేవి మాత్రం అవే.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు, ఎందుకంటే సర్జన్ గీత వేరు, ఇన్సూరెన్స్ గీత వేరు. 2022లో ఏఎస్‌ఎంబీఎస్, ఐఎఫ్‌ఎస్‌ఓ అనే రెండు సర్జన్ల సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ 35 దాటితే వేరే జబ్బు లేకపోయినా సర్జరీ సూచించవచ్చు, ఆసియా వాళ్ళ విషయంలో 27.5 నుంచే ఆలోచించవచ్చు. కాబట్టి డాక్టర్ 'మీరు సర్జరీకి సరిపోతారు' అన్నంత మాత్రాన కంపెనీ డబ్బు ఇస్తుందని అర్థం కాదు. డాక్టర్ తప్పు చెప్పినట్టూ కాదు. మీ విషయంలో రెండు గీతలూ కలిసే అవకాశం ఉంది, కానీ అది ఓపీ చీటీలో కనిపించాలి.

అందుకే ఈ వారంలో కూర్చుని ఈ నాలుగేళ్ళ షుగర్ రిపోర్టులన్నీ, ముఖ్యంగా హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు) పరీక్షలు, తేదీల వరసలో పెట్టండి. ఏ మాత్ర ఎప్పుడు మొదలైంది, డోసు ఎప్పుడు పెంచారు అన్నది ప్రిస్క్రిప్షన్లతో సహా ఉండాలి. డైటీషియన్ దగ్గరికి వెళ్ళిన చీటీలు, జిమ్ రసీదులు, బరువు తగ్గే మందులు గానీ ఇంజెక్షన్లు గానీ ఏ డాక్టరైనా రాసి ఉంటే ఆ కాగితాలు, ఏదీ పారేయకండి. గురక గట్టిగా పెడుతున్నారని మీవారు అంటుంటే, పగలు క్లాసులో నిద్ర ముంచుకొస్తుంటే, అది సిగ్గుపడే విషయం కాదు, సర్జన్‌కి చెప్పండి. ఆయన అవసరమనుకుంటే స్లీప్ స్టడీ రాస్తారు, దాంట్లో గంటకి ఎన్నిసార్లు శ్వాస ఆగుతోందో, తగ్గుతోందో లెక్క వస్తుంది, అది 30 అంతకంటే ఎక్కువ ఉంటే తీవ్రమైనది అంటారు. చెప్పులు విప్పి ఎత్తు, బరువు అక్కడే కొలిపించుకుని ఆ రోజు తేదీతో చీటీ మీద రాయించుకోండి. సర్జరీకి ముందు కాలేయం సైజు తగ్గడానికి దాదాపు రెండు వారాలు తక్కువ కేలరీల డైట్ పెడతారు, దాంతో నాలుగైదు కేజీలు తగ్గితే చేరే రోజు బీఎంఐ వేరుగా ఉంటుంది, అప్పుడు మొదటి రోజు కొలతే మీకు ఆధారం. ఒక మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను, లేనిది రాయమని ఎవరినీ అడగొద్దు, 40 దాటాలని బరువు పెంచుకోవద్దు. ఉన్నది ఉన్నట్టు, పూర్తిగా రాస్తే చాలు.

ఇప్పుడు మీ రెండు పాలసీలు. సొంత ఫ్లోటర్ మీద ఇప్పుడే ఆశ పెట్టుకోకండి. ముందునుంచీ ఉన్న జబ్బులకి గరిష్ఠంగా 36 నెలల దాకా వెయిటింగ్ (ఆ జబ్బుకి క్లెయిమ్ ఇవ్వని కాలం) పెట్టుకునే వీలు కంపెనీలకి ఉంది, చాలా పాలసీల్లో బేరియాట్రిక్ సర్జరీకి కూడా విడిగా రెండు మూడేళ్ళు ఉంటుంది, మీకు అయింది 14 నెలలే. ఇంకొకటి అడుగుతాను, కోప్పడకండి. ఆ పాలసీ తీసుకున్నప్పుడు షుగర్ ఉందని ఫారంలో రాశారా? మీ ప్రశ్నలో ఆ మాట లేదు కాబట్టి అడుగుతున్నా. 'అవన్నీ అక్కర్లేదు మేడమ్, మేం చూసుకుంటాం' అని ఏజెంట్లు టిక్కులు పెట్టేయడం మామూలైపోయింది. రాయకపోతే ఇప్పుడే కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. ప్రీమియం పెంచొచ్చు, కొత్త షరతులు పెట్టొచ్చు, పాలసీ రద్దు చేసే ప్రమాదం కూడా ఉంది. అయినా రేపు ఇంట్లో ఎవరికో పెద్ద అవసరం వచ్చినప్పుడు క్లెయిమ్ కొట్టేసి పాలసీ కూడా తీసేయడం కంటే ఇది నయం. అంతా సరిగ్గా ఉంటే మాత్రం ఆ పాలసీని ఒక్క రోజు కూడా లాప్స్ కానివ్వకండి, ఈ సర్జరీ అయ్యాక కొత్త పాలసీ దొరకడం తేలిక కాదు.

కాబట్టి ఇప్పటికి మీ బలం కంపెనీ గ్రూప్ పాలసీయే. చాలా గ్రూప్ పాలసీల్లో పాత జబ్బులకి మొదటి రోజు నుంచే కవర్ ఉంటుంది, అయితే బేరియాట్రిక్ విషయంలో ఒక్కో కంపెనీది ఒక్కో తీరు, కొందరు ఇస్తారు, కొందరు ఒక పరిమితి పెడతారు, కొందరు పూర్తిగా తీసేస్తారు. మీవారు శనివారం లోపు హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాలి. భార్యకి బేరియాట్రిక్ సర్జరీ కవర్ ఉందా, విడిగా పరిమితి ఉందా, కో-పే (బిల్లులో మనం కట్టాల్సిన వాటా) ఉందా, రోజుకి రూమ్ అద్దె ఎంతవరకు, పాలసీ రెన్యువల్ ఎప్పుడు. ఫోన్‌లో 'ఉంటుంది లెండి' అంటే సరిపోదు, మెయిల్‌లో జవాబు రావాలి. రూమ్ అద్దె ఎందుకు అడగమన్నానంటే, పరిమితి 3 వేలు ఉండి మీరు 6 వేల రూమ్ తీసుకుంటే అద్దెలో తేడా ఒక్కటే కాదు, డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ లాంటివి కూడా అదే నిష్పత్తిలో కోసే పాలసీలు ఉన్నాయి. ఇంకో సంగతి, మీవారు ఉద్యోగం మారే ఆలోచనలో ఉంటే ఈ సర్జరీ, తర్వాతి ఫాలోఅప్ పూర్తయ్యేదాకా ఆపుకోమనండి.

పరీక్షల విషయానికి వస్తే, రక్త పరీక్షలు, ఎండోస్కోపీ, అల్ట్రాసౌండ్, ఎకో, స్లీప్ స్టడీ ఇలా పెద్ద జాబితా ఇస్తారు. 'ఇవాళే అన్నీ చేయించేయండి, ప్యాకేజీలో తగ్గిస్తాం' అంటే తొందరపడకండి. ఆసుపత్రిలో చేరడానికి ముందు 30 రోజులో 60 రోజులో జరిగిన పరీక్షల ఖర్చునే పాలసీ తిరిగి ఇస్తుంది, అదీ అదే జబ్బుకి సంబంధించి బిల్లులు ఉంటేనే, ఆ క్లెయిమ్ పాసైతేనే. ఇప్పుడు చేయించుకుని సర్జరీ నాలుగు నెలల తర్వాత పెట్టుకుంటే ఆ డబ్బు పోయినట్టే, కొన్ని పరీక్షలు మళ్ళీ చేయించుకోవాల్సి కూడా వస్తుంది. ఏవి ఇప్పుడే కావాలి, ఏవి తేదీ ఖాయమయ్యాక చాలు అని సర్జన్‌నే అడగండి. ఆ రోజుకి ఓపీ ఫీజు, ఒకటి రెండు పరీక్షలకి సరిపడా డబ్బు చాలు. బుకింగ్ అడ్వాన్స్ మాత్రం ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. ఈ నెలాఖరు వరకే ఆఫర్ అన్నా సరే.

డాక్టర్ గది బయట కౌన్సెలర్ ప్యాకేజీ చెప్తారు. అంకె కంటే అందులో ఏముందో ముఖ్యం. కడుపు కోసి కుట్టడానికి వాడే స్టేప్లర్, దాని కార్ట్రిడ్జ్‌లే ఈ సర్జరీలో పెద్ద ఖర్చు, ప్యాకేజీలో ఎన్ని కార్ట్రిడ్జ్‌లు ఉన్నాయి, ఎక్కువ పడితే ఒక్కోదానికి ఎంత అని అడగండి. కడుపులో కొంత భాగం తీసేసే స్లీవ్‌కా, కడుపును చిన్నది చేసి పేగుకి కలిపే బైపాస్‌కా ఆ రేటు? లీకో రక్తస్రావమో అయ్యి మళ్ళీ చేరాల్సి వస్తే ప్యాకేజీలోకి వస్తుందా, కొత్త బిల్లా? డైటీషియన్ ఫాలోఅప్ ఎన్నాళ్ళు? ఇవన్నీ కాగితం మీద రాసివ్వమనండి, ఇవ్వడానికి ఇష్టపడని చోట నేనైతే ఆగి ఇంకో ఆసుపత్రిలో కూడా చూపించుకుంటాను.

ఇప్పుడు అసలు లెక్క. ప్యాకేజీ 4 లక్షలు అనుకుందాం, మీకు చెప్పే అంకె వేరుగా ఉండొచ్చు. గ్రూప్ పాలసీ పూర్తిగా పనిచేస్తే మీ చేతినుంచి లక్ష. పాలసీ ఇవ్వని చిల్లర సామాను, పరీక్షలు కలిపి ఇంకో 40 వేలు పెట్టుకోండి. అనుకోని సమస్య వస్తే వాడటానికి లక్ష పక్కన ఉండాలి, దాన్ని ముట్టుకోకపోతే సంతోషం. ఇక అందరూ మర్చిపోయేది తర్వాతి సంవత్సరం. సర్జరీ తర్వాత మల్టీవిటమిన్, బీ12, ఐరన్, కాల్షియం, డీ విటమిన్ జీవితాంతం వేసుకోవాల్సినవి, వాటితోపాటు ప్రొటీన్ పౌడర్, మూడు నెలలకీ ఆరు నెలలకీ ఏడాదికీ రక్త పరీక్షలు, ఆ తర్వాత ఏటా. మొదటి ఏడాదికి నెలకి 5 వేల చొప్పున 60 వేలు రాసుకోండి. డబ్బు తక్కువైందని ఈ ఖర్చు దగ్గర ఆపేయడం నాకు చాలా బాధ కలిగించే విషయం, ఎందుకంటే లక్షలు పెట్టి చేయించుకున్న సర్జరీ తర్వాత విటమిన్లు మానేస్తే రక్తహీనత, ఎముకల బలహీనత, నరాల సమస్యలు వస్తాయి. బరువు బాగా తగ్గాక వేలాడే చర్మానికి చేయించుకునే సర్జరీని కాస్మెటిక్ అనే ఇన్సూరెన్స్ వాళ్ళు పక్కన పెడతారు, దాన్ని ఈ బడ్జెట్‌లో కలపొద్దు.

అన్నీ కలిపితే 3 లక్షలు. ఎఫ్‌డీని పగలగొట్టకుండా దాని మీద లోన్ గానీ ఓవర్‌డ్రాఫ్ట్ గానీ తీసుకోండి, వడ్డీ సాధారణంగా ఎఫ్‌డీ రేటు మీద ఒకటి రెండు శాతమే ఎక్కువ, అదీ వాడుకున్న మేరకే. మిగతాది ఈ రెండు మూడు నెలల్లో జీతాల్లోంచి వస్తుంది. అప్పుడు చిట్టీ ముట్టుకోనక్కర్లేదు.

గ్రూప్ పాలసీ ఒప్పుకోకపోతే కథ మారుతుంది, 6 లక్షల దాకా మీరే చూసుకోవాలి. అప్పుడు ఫ్లోటర్ వెయిటింగ్ అయ్యేదాకా ఆగడం ఒక దారి, కానీ ఆ షుగర్‌తో అన్నాళ్ళు ఆగొచ్చా లేదా అన్నది డాక్టర్ చెప్పాలి. ఆగకూడదంటే అప్పుడు చిట్టీ పాడండి. 60 వేలు తగ్గించి పాడితే చేతికి 4.4 లక్షలొస్తుంది, మిగతా కిస్తీలు కట్టాల్సిందే, పైగా పాడిన తర్వాత ష్యూరిటీలు పెట్టి డబ్బు అందుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది, కాబట్టి సర్జరీ తేదీకి ముందే ఆ పని చూసుకోవాలి. ఆసుపత్రి కౌంటర్ దగ్గర ఇచ్చే 'నో కాస్ట్ ఈఎంఐ'లో ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, నగదుకి ఇచ్చే డిస్కౌంటూ పోతుంది. రెండూ కలిపి చూశాకే సంతకం.

టాక్స్ సంగతి చిన్నది. ఇన్‌కమ్ టాక్స్‌లో 80డీ అని పిలిచే మినహాయింపు మీరు కట్టే ఆరోగ్య బీమా ప్రీమియానికి, అదీ పాత టాక్స్ విధానంలో ఉంటేనే. మీ వయసు వాళ్ళ సర్జరీ బిల్లుకి రాదు.

స్కూలు సెలవు గురించి మీరు అడగలేదు, నేనే చెప్తున్నా. రెండు మూడు వారాలైనా పనికి దూరంగా ఉండాల్సి వస్తుంది, జీతం కోత ఎంతో ప్రిన్సిపల్‌ని ఇప్పుడే అడగండి. ఎండాకాలం సెలవుల్లో పెట్టుకుంటే జీతం పోదనిపిస్తుంది, కానీ మీ స్కూలు మే నెల జీతం ఇస్తుందో లేదో చూసుకోండి, పైగా సర్జరీ తర్వాత నీళ్ళు ఒక్కో గుక్కా తాగాల్సిన రోజుల్లో వైజాగ్ ఉక్కపోత, చెమట తోడైతే ఒంట్లో నీరు తగ్గిపోయే ప్రమాదం ఉంది. తేదీ గురించి సర్జన్‌తో ఇది కూడా మాట్లాడండి.

ఒకవేళ అన్నీ సరిగ్గా ఉన్నా కంపెనీ క్లెయిమ్ తిరస్కరిస్తే, కారణం రాతలో తీసుకుని ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి, అక్కడ తేలకపోతే ఐఆర్‌డీఏఐ వాళ్ళ బీమా భరోసా పోర్టల్‌కి గానీ, మన రాష్ట్రానికి హైదరాబాద్‌లో ఉన్న ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి గానీ వెళ్ళొచ్చు. అక్కడ ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. హెచ్‌ఆర్ జవాబు, ఆసుపత్రి ఇచ్చిన ప్యాకేజీ కాగితం రెండూ చేతికి వచ్చాక అంకెలతో మళ్ళీ రాయండి, అడ్వాన్స్ కట్టకముందే.