కేసు షీటులో ఆ ఒక్క ముక్క

చిరంజీవి తల్లికి ఆశీస్సులు.

నొప్పి బిళ్ళలు ఎక్కువగా మింగి ఆస్పత్రికి వచ్చే పిల్లల గురించి రాస్తానన్నావు. రాయి తల్లీ, తప్పకుండా రాయి. కానీ 'శ్రీకాకుళం జిల్లాలో ఇన్ని కేసులు' అని మొదటి వాక్యంలోనే అంకె పెట్టకు. ఆ అంకె ఎలా పుడుతుందో ముందు చూడు.

రాత్రివేళ క్యాజువాలిటీకి ఒక పిల్లను తెచ్చారనుకో. ఏం మింగిందని డాక్టరు అడిగితే తల్లి కొంగుముడి విప్పి స్ట్రిప్ ముక్క చూపిస్తుంది. మెడికల్ షాపులో కత్తెరతో కత్తిరించి ఇచ్చినది. మందు పేరున్న భాగం షాపులోనే ఉండిపోయింది. 'నొప్పుల బిళ్ళ బాబూ' అంటుంది. పారాసెటమాలా, డైక్లోఫెనాకా, ట్రమడాలా? మూడింటికీ వైద్యం వేరు. రక్తంలో మందు ఎంతుందో చూసే పరీక్ష అన్నిచోట్లా ఉండదు. చివరికి షీటులో 'తెలియని విషం' అని పడుతుంది. తర్వాత నువ్వు లెక్క తీస్తే ఆ పిల్ల అందులో కనిపించదు.

ఇంతకంటే పెద్ద చిక్కు, ఎందుకు మింగిందన్నది. రెండేళ్ళవాడు మంచం కింద దొరికింది నోట్లో పెట్టుకోవడం, పదిహేనేళ్ళ పిల్ల కావాలని మింగడం ఒకే పట్టికలో కలిస్తే ఆ లెక్కకు అర్థం లేదు. విడదీద్దామంటే నిజం చెప్పేదెవరు? పోలీసు కేసవుతుందని, రేపు సంబంధాలు రావని, ఇంటివాళ్ళు 'తలనొప్పికి పొరపాటున వేసుకుంది' అంటారు. ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్ళు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, శిక్షించకూడదు అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. ఆ మాట మన ఊళ్ళలో ఎంతమందికి చేరింది? నీ వ్యాసం ఆ ఒక్కటి చేరవేసినా నాకు సంతోషం.

జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ ఇచ్చే ఆత్మహత్యల లెక్క చావులది. బతికి ఇంటికెళ్ళిన పిల్లలు అందులో ఉండరు. అమెరికా పరిశోధనల్లో ఓపియాయిడ్ల (నల్లమందు తరహా నొప్పి మందుల) గోలే ఎక్కువ, ఆ అంకెలు మనకు అతికించకు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ జబ్బునూ ఇందులోకి లాగకు. నొప్పి బిళ్ళల్ని ఏళ్ళ తరబడి వాడడం వేరు, ఒక్కసారిగా మింగడం వేరు.

ఎన్ని మింగిందో, ఎలా మింగిందో రాయొద్దు. ఇది మాత్రం వివరంగా రాయి: పారాసెటమాల్ ఎక్కువైన పిల్ల మొదటిరోజు మామూలుగానే ఉండొచ్చు, కాలేయం దెబ్బతిన్న సంగతి తర్వాత బయటపడుతుంది. విరుగుడు మందు, బిళ్ళలు మింగిన 8 గంటల్లోపు పడితే బాగా పనిచేస్తుంది. 'వాంతి తగ్గింది, పడుకోనీ' అనకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, దొరికిన స్ట్రిప్ ముక్కతో సహా.

మానసిక సమస్యలకు ప్రభుత్వ ఫోన్ సహాయం, టెలీమానస్ నంబరు 14416ని చివర్లో చిన్నక్షరాల్లో కాకుండా వ్యాసం మధ్యలోనే పెట్టు.

శుభాకాంక్షలతో,
మీ మావయ్య