టమ్మీ టక్ తరువాత తొలి ఆరు వారాలు

ప్రశ్న: నా వయసు 38 ఏళ్ళు. ఇద్దరు పిల్లలూ సిజేరియన్‌తోనే పుట్టారు. రెండో కాన్పు తరువాత పొట్ట కండరాలు విడిపోయి కడుపు జారిపోవడంతో, ఆరు రోజుల క్రితం విజయవాడలో టమ్మీ టక్ చేయించుకుని గుంటూరులోని ఇంటికి వచ్చాను. పొట్ట పక్కన గొట్టం, దాని చివర చిన్న డబ్బా ఇంకా ఉన్నాయి. నడుము నిటారుగా నిలపలేకపోతున్నాను. మా అత్తగారు ఎంతో ప్రేమగా చూసుకుంటున్నారు కానీ, పప్పు, గుడ్డు, వంకాయ తింటే కుట్లు చీము పడతాయని చారన్నం, పాలు మాత్రమే పెడుతున్నారు. మంచం దిగనివ్వడం లేదు. నాలుగేళ్ళ బాబు ఎత్తుకోమని ఏడుస్తున్నాడు. బంధువులకు హెర్నియా ఆపరేషన్ అని చెప్పాము. నేను ఎలాంటి జాగ్రత్తలు తీసుకోవాలి?
– పేరు ప్రచురించవద్దన్న పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఈ ఆపరేషన్‌లో పొత్తికడుపు దిగువన ఒక తుంటి నుంచి రెండో తుంటి దాకా కోసి, వదులుగా ఉన్న చర్మాన్నీ కొవ్వునూ తీసివేసి, విడిపోయిన నిలువు కండరాలను దగ్గరకు చేర్చి కుట్టి, పై చర్మాన్ని కిందికి లాగి, బొడ్డుకు అందులో కొత్త చోటు ఏర్పరుస్తారు. బయటికి కనిపించే గీత ఒక్కటే అయినా, లోపల బొడ్డుకు పైదాకా చర్మం కండరాల నుంచి విడివడి మళ్ళీ అతుక్కోవలసి ఉంటుంది. పై గాయం రెండు మూడు వారాలలో మానినట్టు కనిపిస్తుంది గానీ, కండరాల కుట్లు నిలదొక్కుకోవడానికి కనీసం ఆరు వారాలు కావాలి. అందుకే నొప్పి ఎక్కువగా ఉండే తొలి వారం కన్నా, నొప్పి తగ్గి ‘నాకేం, బాగానే ఉన్నాను’ అనిపించే మూడో వారం గురించే నాకు ఎక్కువ బెంగ. నీళ్ళ బకెట్టు ఎత్తడం, గ్యాస్ సిలిండరు జరపడం, పిల్లవాణ్ణి చంకనెత్తుకోవడం సరిగ్గా అప్పుడే మొదలవుతాయి.

మీ ఉత్తరంలో ముందుగా సరిదిద్దవలసినది మంచం దిగకపోవడం. అందం కోసం చేసే ఆపరేషన్లలో కాళ్ళ సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువగా ఉన్నవాటిలో ఇది ఒకటి. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి మెలకువగా ఉన్నంతసేపూ గంటకో రెండు గంటలకో ఒకసారి లేచి ఇంట్లోనే నాలుగు అడుగులు వేయండి, కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు మడమలను పైకీ కిందికీ ఆడిస్తూ ఉండండి, నీళ్ళు సరిపడా తాగండి. సర్జన్ రక్తం పలచబడే ఇంజెక్షన్లు రాసి ఉంటే ఒక్కటి కూడా మానవద్దు. విశ్రాంతి అంటే బరువు పనులు మానడమే గాని కదలకుండా పడుకోవడం కాదని మీ అత్తగారికి నెమ్మదిగా నచ్చజెప్పండి. ఈ పేజీ చదివి వినిపించినా సరే.

నడుము వంచి నడవడం గురించి కంగారు పడకండి. చర్మం బిగుతుగా ఉన్నందువల్ల మొదటి వారం, పది రోజులు అలా నడవడమే మంచిది. తొందరపడి నిటారుగా నిలబడితే కుట్ల మీద లాగుడు పడుతుంది. పడుకునేటప్పుడు వీపు కింద రెండు మూడు దిండ్లు, మోకాళ్ళ కింద ఒక దిండు పెట్టుకోండి. లేచేటప్పుడు మాత్రం పొట్ట మీద బలం వేసి తిన్నగా లేవకూడదు. మోకాళ్ళు ముడిచి పక్కకు ఒత్తిగిలి, కాళ్ళు మంచం కిందికి వదిలి, మోచేతితో నెట్టుకుంటూ కూర్చుని, ఆ తరువాత నిలబడాలి. దగ్గు, తుమ్ము వచ్చినప్పుడు చిన్న దిండును పొట్టకు అదిమి పట్టుకుంటే నొప్పి చాలా తగ్గుతుంది.

గొట్టం డబ్బాలో చేరే ద్రవాన్ని రోజుకు రెండుసార్లు, చేతులు సబ్బుతో కడుక్కున్న తరువాత, కొలత గీతలున్న చిన్న గ్లాసులోకి వంచి ఎన్ని మిల్లీలీటర్లు ఉందో, ఏ రంగులో ఉందో తేదీ వేసి కాగితం మీద రాసిపెట్టండి. ఆ తరువాత డబ్బాను గట్టిగా నొక్కి గాలి పోగొట్టి, నొక్కి ఉండగానే మూత బిగించాలి; అది ఉబ్బిపోయి ఉంటే లోపలి ద్రవాన్ని లాగదు. రంగు మొదట ఎర్రగా ఉండి క్రమంగా లేత గులాబీకి, తరువాత పలుచని పసుపుకు మారాలి. సాధారణంగా 24 గంటలలో 30 మిల్లీలీటర్ల కన్నా తక్కువ వస్తున్నప్పుడు గొట్టం తీస్తారు, కాబట్టి మీ కాగితమే సర్జన్‌కు ఆధారం. గొట్టం తీశాక పొట్ట మీద వేళ్ళతో తట్టినప్పుడు లోపల నీళ్ళు కదిలినట్టు అనిపిస్తే అక్కడ ద్రవం చేరినట్టు లెక్క. ఈ ఆపరేషన్ తరువాత తరచుగా కనిపించే ఇబ్బంది అదే. సూదితో తీసివేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ఆపరేషన్ తరువాత పొట్ట చుట్టూ వేసే బిగుతు బెల్టును సర్జన్ చెప్పినన్ని రోజులు, సాధారణంగా ఆరు వారాల దాకా, రాత్రీ పగలూ ధరించాలి. బాలింతకు నడికట్టు బిగించినట్టు ఊపిరాడకుండా బిగించకూడదు. కింద అరచేయి దూరేంత సడలింపు ఉండాలి. గుడ్డ మడత పడి చర్మాన్ని నొక్కకుండా రోజూ చూసుకోవాలి. స్నానం సర్జన్ అనుమతించే దాకా తడిగుడ్డతో తుడుచుకుంటే చాలు.

ఇక పథ్యం. పప్పు వల్ల గాయం చీము పట్టదు. చీముకు కారణం సూక్ష్మజీవులు. వాటిని అడ్డుకోవడానికీ కొత్త కణజాలం పెరగడానికీ ప్రొటీను తప్పనిసరి. కందిపప్పు, పెసరపప్పు, గుడ్డు, చేపలు, పెరుగు, ఆకుకూరలు, బత్తాయి, జామ అన్నీ తినండి. ఒక్క చారన్నంతో ఆరు వారాలు నెట్టుకొస్తే గాయం మానడం ఆలస్యమవుతుంది. నొప్పి మాత్రలలో కొన్ని మలబద్ధకం కలిగిస్తాయి. ముక్కితే ఆ ఒత్తిడంతా కండరాల కుట్ల మీదే పడుతుంది కనుక పీచు ఉన్న కూరలు తినండి, అవసరమైతే డాక్టరును అడిగి ఇసబ్‌గోల్ వంటిది వాడండి. సర్జన్ రాయని నొప్పి మాత్రలను మందుల షాపులో అడిగి కొనవద్దు. వాటిలో కొన్ని రక్తస్రావాన్ని పెంచుతాయి. ఇంట్లో పొగతాగేవారు ఉంటే మీ దగ్గర తాగవద్దని గట్టిగా చెప్పండి. పొగ వల్ల చర్మానికి రక్త ప్రసరణ తగ్గి కుట్ల అంచులు నల్లబడి చచ్చిపోయే ప్రమాదం ఉంది.

బాబును ఆరు వారాల దాకా ఎత్తుకోవద్దు. నాలుగు కిలోలకు మించిన ఏ బరువూ వద్దు. మీరు ఎత్తు కుర్చీలో కూర్చుని వాణ్ణి పక్కన నిలబెట్టుకుని భుజాల చుట్టూ చేయి వేయండి, పక్కనే కూర్చోబెట్టి కథ చెప్పండి. అమ్మ పొట్టకు కుట్లు పడ్డాయని సూటిగా చెబితే నాలుగేళ్ళ పిల్లలకు అర్థమవుతుంది.

బంధువులకు ఏం చెప్పుకోవాలన్నది మీ ఇష్టం. కానీ రాత్రివేళ ఆయాసం వచ్చి గుంటూరులోనే ఏదో ఒక ఆసుపత్రికి వెళ్ళవలసి వస్తే, అక్కడి డాక్టరుకు హెర్నియా అని చెప్పకండి. డిశ్చార్జి కాగితాలు ఒక సంచిలో తలగడ దగ్గరే ఉంచండి. ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం లేదా ఛాతీ నొప్పి వచ్చినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. 101 డిగ్రీలకు మించిన జ్వరం, కుట్ల చుట్టూ పెరిగే ఎరుపు, దుర్వాసన, పొట్టలో ఒకవైపు అకస్మాత్తుగా వాపు, డబ్బా గబగబా రక్తంతో నిండడం, వీటిలో ఏది కనిపించినా సర్జన్‌కు వెంటనే ఫోన్ చేయండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. సెలవు మీద హైదరాబాదు వచ్చి ఇదే ఆపరేషన్ చేయించుకోవాలనుకుంటున్నాను. మూడు వారాల సెలవు సరిపోతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: సరిపోదని నా అభిప్రాయం. అంత దూరం విమానంలో కూర్చోవడం కూడా రక్తం గడ్డకట్టడానికి ఒక కారణమే. ఈ ఆపరేషన్ వెంటనే అంత ప్రయాణం పెట్టుకుంటే రెండు ప్రమాదాలూ కలుస్తాయి. దూర ప్రయాణానికి ముందు నాలుగు నుంచి ఆరు వారాలు ఆగడం మంచిది. పైగా తిరిగి వెళ్ళాక ద్రవం చేరినా, కుట్లు విడినా అక్కడ చూసే డాక్టరు ఎవరో ముందే మాట్లాడుకోవాలి. అంత సెలవు దొరకకపోతే ఆపరేషన్‌నే వాయిదా వేసుకోండి. ఇది తొందర ఉన్న ఆపరేషన్ కాదు.

ప్రశ్న: ఆపరేషన్ అయి రెండు నెలలైంది. బొడ్డు కింద స్పర్శ లేదు, సాయంత్రానికి పొట్ట ఉబ్బుతోంది. వేడినీళ్ళ సంచితో కాపడం పెట్టవచ్చా? కుట్ల మచ్చకు పసుపు రాయవచ్చా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కాపడం అసలు వద్దు. స్పర్శ లేని చర్మం కాలుతున్నా మీకు తెలియదు. ఐసు పెట్టడం కూడా అంతే ప్రమాదం. చర్మంలోని సన్నని నరాలు తెగినందువల్ల వచ్చే ఈ మొద్దుబారడం నెలల తరబడి నెమ్మదిగా తగ్గుతుంది, కొందరిలో కొంత భాగం అలాగే మిగిలిపోతుంది. సాయంత్రం వాపు మూడు నెలల దాకా, కొందరికి ఏడాది దాకా ఉంటుంది. పొద్దుటికి తగ్గుతున్నంతవరకు దానికి భయపడనక్కరలేదు. మచ్చకు పసుపు బదులు, గాయం పూర్తిగా మూసుకుని ఉంటే, సర్జన్‌ను అడిగి సిలికాన్ జెల్ గానీ సిలికాన్ పట్టీ గానీ కొన్ని నెలలు వాడండి. మన చర్మఛాయలో మచ్చలు నల్లబడడం, ఉబ్బడం ఎక్కువ. మచ్చ గట్టిపడి దురద పెడుతూ పక్కలకు పెరుగుతుంటే ఏడాది చూద్దామని ఆగకుండా ఇప్పుడే చూపించుకోండి.