కువైట్ వెళ్తున్న చిన్నతల్లికి పెద్దమ్మ రాసేది

చిన్నతల్లీ,

కువైట్ ఆస్పత్రిలో నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. సంతోషమో భయమో ఆవిడకే తెలియలేదు. 1988లో నేనూ నర్సుగా కువైట్ వెళ్లడానికి నర్సాపురం స్టేషన్లో రైలెక్కినప్పుడు మీ అమ్మమ్మా అంతే.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. గల్ఫ్‌కి వెళ్లే నర్సుల పేర్లు ఈ-మైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్లో నమోదు కావాలి. విదేశాల్లో ఉద్యోగాలు ఇప్పించడానికి మన రాష్ట్ర ప్రభుత్వానికే ఓమ్‌క్యాప్ అనే సంస్థ ఉంది, అక్కడ అడుగు. ఏజెంటు తీసుకోదగ్గది 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. అంతకు మించి ఒక్క రూపాయి అడిగినా లేచి వచ్చేయ్. సర్టిఫికెట్ల జిరాక్సులు ఒక సెట్టు ఇంట్లో పెట్టు. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్ మీదికి వచ్చినప్పుడు నేను కట్టుబట్టలతో బస్సుల్లో జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి ఎయిరిండియా విమానం ఎక్కాను. మళ్లీ ఉద్యోగం ఇప్పించినవి ఇంట్లో ఉన్న ఆ జిరాక్సులే.

జీతమంతా ఇంటికి పంపకు. మా తమ్ముడు రొయ్యల చెరువు అన్నాడు, రెండేళ్ల కష్టం పంపించాను. తెల్లమచ్చ తెగులొచ్చి వారంలో చెరువు ఖాళీ. పైగా, "నువ్వు సరిగ్గా ప్రార్థన చెయ్యలేదేమో అక్కా" అన్నాడు!

ఇంతకీ ఉత్తరం రాస్తున్నది అందుకు కాదు. మొన్న మందిరంలో సాక్ష్యం చెబుతూ, "ఉద్యోగం ఒక వంక, నేను వెళ్లేది సువార్త కోసమే" అన్నావట. అందరూ స్తోత్రం అన్నారట. నాకు మాత్రం టెన్షన్ పట్టుకుంది. అక్కడ ముస్లింలకి వేరే మతం బోధించడాన్ని చట్టం ఒప్పుకోదు. చట్టం ఒప్పుకున్నా నేను వద్దనే అంటాను. సెలైన్ ఎక్కుతున్న మనిషి నీ మాట నచ్చకపోతే లేచి వెళ్లిపోలేదు కదా. కదల్లేనివాళ్ల ముందు బోధ మొదలుపెడితే అది బలవంతమే అవుతుంది.

నా వార్డులో ఒక ముసలావిడ ఉండేది. కేన్సర్, చివరి రోజులు. ఒక రాత్రి చెయ్యి ఎత్తి గోడవైపు చూపిస్తూ ఏదో గొణుగుతోంది. నాకు అర్థం కాలేదు, నీళ్లు ఇచ్చాను, తోసేసింది. ఊడ్చే అమ్మాయి వచ్చి చెప్పింది, మక్కా దిక్కుకి తిప్పమంటోందని. ఇద్దరం కలిసి మంచం చక్రాలు వదిలి తిప్పాం. ఆవిడ మొహం తేటపడింది. తెల్లారేసరికి పోయింది. ఆ రాత్రి నేను ఆవిడకి చేసిన సేవ అదొక్కటే. నా ప్రభువు నన్ను అక్కడికి ఎందుకు పంపాడని ఎవరైనా అడిగితే ఆ మంచమే గుర్తొస్తుంది నాకు.

రంజాన్‌లో షుగర్ పేషెంట్లు ఉపవాసం ఉంటామంటారు. విసుక్కోకు. డాక్టర్ని అడిగి ఇన్సులిన్ వేళలు మార్పించు, షుగర్ మరీ పడిపోతే ఉపవాసం విడవాలని వాళ్ల ఇంటివాళ్లచేత నచ్చజెప్పించు.

నీ ఉపవాసాలు కూడా అంతే. ఉపవాసం ఉండి నైట్ డ్యూటీకి వెళ్లకు. నేను వెళ్లి, కళ్లు తిరుగుతుండగా మందు మోతాదు తప్పు చదివాను. పక్కనున్న మలయాళీ నర్సు ఆపింది కాబట్టి సరిపోయింది. ఆవిడకి కోపమొచ్చి, "నువ్వు తిను, నీ దేవుడేమీ అనుకోడు" అంది. శుక్రవారం సెలవు కాబట్టి తెలుగువాళ్ల ప్రార్థన కూడికలు ఆ రోజే. తప్పకుండా వెళ్లు, కడుపునిండా పాడుకో. అంతకన్నా ముందు నిద్రపో.

1836లో ఇంగ్లండు నుంచి మన వైపు సువార్త చెప్పడానికి వచ్చిన బౌడెన్, బీర్ దొరల గురించి సండే స్కూల్లో విన్నావుగా. వాళ్లు తెలుగు నేర్చుకున్నారు. నువ్వు అరబ్బీ నేర్చుకో. అలమ్ అంటే నొప్పి, మాయ్ అంటే నీళ్లు, ష్వయ్య ష్వయ్య అంటే మెల్లగా. ఆ రాత్రి నాకు ఇంకో పది మాటలు వచ్చుంటే ముసలావిడ అంతసేపు గోడ చూపించాల్సి వచ్చేది కాదు.

వచ్చే ఆదివారం మందిరం అయ్యాక ఇటు రా. మాగాయ డబ్బా కట్టి ఉంచాను. నా పాత నోటుబుక్కు కూడా ఇస్తాను, అరబ్బీ మాటలన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకున్నది. మొదటి పేజీల్లో రాత కోడి కెలికినట్టుంటుంది, నైట్ డ్యూటీలో రాసినవి. అర్థం కాకపోతే అడుగు.

మీ పెద్దమ్మ