టిక్కులన్నీ పడ్డాయి, లోపం మాత్రం దొరకలేదు: క్వాలిటీ కంట్రోల్ గురించి నా అనుభవం

మీరు అడిగినవి మూడు. క్వాలిటీ కంట్రోల్ అంటే పని అయ్యాక చెక్ చేయడమేనా? దానికీ క్వాలిటీ అష్యూరెన్స్‌కీ తేడా ఏంటి? చెక్‌లిస్టులో అన్నిటికీ టిక్కులు పడుతున్నా లోపాలు తర్వాత ఎందుకు బయటికొస్తున్నాయి? మొదటి రెండింటికీ జవాబు చిన్నదే. మూడోది అర్థం కావడానికి నాకు ఒక ప్రాజెక్టు మొత్తం పట్టింది, కాబట్టి అక్కడ కాస్త ఓపిక పట్టండి.

నేను బిల్డింగ్ పనుల్లో క్వాలిటీ ఇంజినీరుగా మొదలై, తర్వాత ప్రాజెక్ట్ మేనేజర్ అయ్యాను. ఉదాహరణలన్నీ కాంక్రీటు చుట్టూ తిరుగుతాయి. మీది సాఫ్ట్‌వేర్ అయినా, మెషీన్ల తయారీ అయినా విషయం పెద్దగా మారదు.

ముందు తేడా సంగతి. పని చేసే పద్ధతి సరిగ్గా ఉందా, ఆ పద్ధతినే అందరూ పాటిస్తున్నారా అని చూసేది అష్యూరెన్స్. ఆ పద్ధతిలో తయారై చేతికొచ్చిన పని అనుకున్న కొలతల్లో ఉందా అని చూసేది కంట్రోల్. కాంక్రీటులో ఏది ఎంత కలపాలో రాసిపెట్టి, కలిపేవాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చి, అది జరుగుతోందో లేదో ఆడిట్ చేస్తే అష్యూరెన్స్. వచ్చిన కాంక్రీటును కొలిచి, ఇది పోయొచ్చు, ఇది వద్దు అని చెబితే కంట్రోల్. ఇంకో మాట కూడా చాలామంది కలిపేస్తారు. మనం కొలిచి సరిగ్గా ఉందని తేల్చుకోవడం వేరు, క్లయింటు చూసి ఒప్పుకోవడం వేరు. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌కి పేరున్న పుస్తకం పీఎంబాక్ గైడ్, దాని ఆరో ఎడిషన్ (2017) మొదటిదాన్ని కంట్రోల్ క్వాలిటీ అనీ, రెండోదాన్ని వాలిడేట్ స్కోప్ అనీ విడదీసింది. మామూలుగా మన తనిఖీ అయ్యాకే క్లయింటు దగ్గరికి వెళ్ళాలి. తారుమారైతే మన తప్పులు క్లయింటు పట్టుకుంటాడు, ఆ తర్వాత మీటింగుల్లో మన మాటకి బరువుండదు.

ఇక అసలు కథ.

ఒక ఎత్తైన బిల్డింగ్ పని. కాంక్రీటు బయటి ప్లాంటు నుంచి ట్రాన్సిట్ మిక్సర్లలో, అంటే తిరిగే డ్రమ్ము ఉన్న బండ్లలో వచ్చేది, పంపు మీద పైకి వెళ్ళేది. మా తనిఖీ పద్ధతి అందరిదీ లాంటిదే. పోసే ముందు స్లంప్ టెస్టు. 300 మిల్లీమీటర్ల ఎత్తున్న ఇనుప కోనులో కాంక్రీటును మూడు పొరలుగా నింపి, ఒక్కో పొరను కడ్డీతో 25 సార్లు పొడిచి, కోను పైకి లాగితే ముద్ద ఎంత కిందికి జారిందో కొలుస్తారు. జారుడు ఎక్కువైతే కాంక్రీటు పల్చగా ఉన్నట్టు. తర్వాత అదే కాంక్రీటుతో చిన్న దిమ్మెలు, అంటే క్యూబులు పోసి నీళ్ళ ట్యాంకులో ఉంచి, 7 రోజులకి కొన్ని, 28 రోజులకి కొన్ని మెషీన్‌లో పెట్టి పగలగొట్టి బలం చూస్తాం. మాకు 28 రోజులకి రావాల్సింది 30 మెగాపాస్కల్ (బలాన్ని కొలిచే యూనిట్).

ఎనిమిది నెలల పాటు ఒక్క క్యూబు కూడా ఫెయిల్ కాలేదు. ఒక్కో విడత కాంక్రీటు పోయడాన్ని పోర్ అంటాం, ప్రతి పోర్ కార్డులోనూ టిక్కులే టిక్కులు. నెలవారీ రిపోర్టులో నేనే గొప్పగా 'నూరు శాతం పాస్' అని రాసేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఎందుకంటే కాంక్రీటు లాంటి వస్తువు ఎనిమిది నెలలు ఒక్కసారి కూడా అటూ ఇటూ కాలేదంటే, ముందు అనుమానించాల్సింది మన కొలతనే.

ఒక వారం మా ల్యాబ్ టెక్నీషియన్ సెలవు పెట్టాడు. అతని బదులు కొత్తగా చేరిన కుర్రాడు క్యూబులు పోశాడు. వాటిని ఏడో రోజు పగలగొడితే 15, 16 వచ్చింది. మామూలు మిశ్రమానికి ఏడు రోజుల్లో చివరి బలంలో మూడింట రెండొంతుల దాకా రావాలి, అంటే 20 దగ్గర ఉండాలి. నా టేబుల్ దగ్గర నలుగురం నిలబడి ఆ కాగితం చూశాం. ఎవరు ముందు అన్నారో గుర్తులేదు గానీ, 'కుర్రాడు క్యూబు సరిగ్గా కుదించలేదు, లోపల గాలి ఉండిపోయి ఉంటుంది' అన్న మాట వచ్చింది. అందరికీ ప్రాణం లేచొచ్చింది. 28 రోజుల రిజల్ట్ వచ్చాక చూద్దాం అనుకున్నాం. పని ఆగలేదు.

28వ రోజు 23, 24 వచ్చింది. అప్పటికి ఆ కాంక్రీటుతో పోసిన కాలమ్స్ మీద ఇంకో రెండు స్లాబులు లేచి ఉన్నాయి.

ఆ తర్వాతి మూడు వారాల టెన్షన్ గురించి రాయాలంటే ఇంకో జవాబు అవుతుంది. క్లుప్తంగా చెబుతాను. పైన పని ఆపేశాం. అనుమానం ఉన్న ఎనిమిది కాలమ్స్‌లో కడ్డీలు తగలకుండా స్కాన్ చేసి, మూడేసి కోర్లు (పరీక్ష కోసం డ్రిల్ చేసి తీసే కాంక్రీటు ముక్కలు) తీయించాం. మేం పాటించే నియమం ప్రకారం మూడు కోర్ల సగటు అనుకున్న బలంలో 85 శాతానికి తగ్గకూడదు, ఏ ఒక్క కోరూ 75 శాతానికి తగ్గకూడదు. ఆరు కాలమ్స్ గట్టెక్కాయి, రెండు ఫెయిల్. ఆ రెండింటికీ చుట్టూ కొత్త కడ్డీలు కట్టి కాంక్రీటు జాకెట్ వేయాల్సి వచ్చింది.

అసలు తప్పు ఎక్కడుందో వెతకడానికి కూర్చున్నప్పుడు బోర్డు మీద చేపముల్లు బొమ్మ గీశాం. జపాన్ క్వాలిటీ నిపుణుడు కవోరు ఇషికావా పేరుతో పిలిచే బొమ్మ అది. మనుషులు, మెషీన్లు, సరుకు, పద్ధతి, కొలత, వాతావరణం అని ముళ్ళు గీసి, ఒక్కో ముల్లుకి అనుమానాలు తగిలిస్తూ పోవడమే. మేం మొదట అందరం 'సరుకు' ముల్లు మీదే పడ్డాం, ప్లాంటు వాళ్ళని తిట్టుకుంటూ. జవాబు 'కొలత' ముల్లు దగ్గర దొరికింది.

పాత టెక్నీషియన్ స్లంప్ టెస్టూ, క్యూబులూ రెండూ మొదటి బండి నుంచే తీసేవాడట. గేటు దగ్గర, నీడలో, ఉదయం పూట. అతను మోసం చేయలేదు. 'ప్రతి పోర్‌కి ఆరు క్యూబులు' అని మా ఫారంలో ఉంది, అతను సరిగ్గా ఆరే తీశాడు. ఏ బండి నుంచి, ఎక్కడ తీయాలో మేం రాయనే లేదు. కొత్త కుర్రాడికి ఈ అలవాటు తెలియదు, కాబట్టి ఐదో బండి నుంచి, పంపు హాపర్ (బండి కాంక్రీటును వదిలే పంపు తొట్టి) దగ్గర తీశాడు. మధ్యాహ్నం అయ్యేసరికి ఆ బండ్లు వరుసలో ఎండలో నిలబడేవి. కాంక్రీటు బిగుసుకునేది, పంపు పట్టేసేది, పంపు ఆపరేటర్ పక్కనున్న పైపు తీసి డ్రమ్ములోకి నీళ్ళు వదిలేవాడు. అతన్ని అడిగితే దాచలేదు కూడా. 'నీళ్ళు పోయకపోతే పైపు జామ్ అవుతుంది సార్, పైపు విప్పాలంటే రెండు గంటలు' అన్నాడు. అతని లెక్క అతనికి కరెక్టే.

ఆ నీళ్ళ లెక్క ఒకసారి చూడండి. ఘనమీటరు కాంక్రీటులో 400 కిలోల సిమెంటు, 180 లీటర్ల నీళ్ళు అనుకుంటే నీళ్ళకీ సిమెంటుకీ నిష్పత్తి 0.45. ఆరు ఘనమీటర్ల బండిలో 120 లీటర్లు కలిపితే ఘనమీటరుకి 20 లీటర్లు పెరిగి నిష్పత్తి 0.50 అవుతుంది. మిగతావన్నీ అవే ఉండగా కాంక్రీటు బలాన్ని ప్రధానంగా తేల్చేది ఈ నిష్పత్తే. పైపు ఒక్క నిమిషం ఎక్కువ తెరిచి ఉంచితే డిజైన్‌లో ఉన్న కాంక్రీటు వేరు, పడే కాంక్రీటు వేరు.

అంటే ఎనిమిది నెలలు మేం చాలా శ్రద్ధగా, తేదీలతో సంతకాలతో సహా, మంచి కాంక్రీటునే కొలుస్తూ వచ్చాం. మొదటిసారి నిజం చెప్పిన క్యూబు వస్తే దాన్ని కుర్రాడి చేతగానితనం కింద కొట్టేశాం.

ఇది మా ఒక్కరి తెలివితక్కువతనం కాదని తర్వాత హబుల్ టెలిస్కోపు కథ చదివినప్పుడు కొంచెం ఊరట కలిగింది. 1990 ఏప్రిల్‌లో దాన్ని పైకి పంపారు, కొద్ది వారాలకే బొమ్మలు మసకగా వస్తున్నాయని తెలిసింది. 2.4 మీటర్ల అద్దాన్ని అద్భుతమైన నునుపుతో సానబట్టారు, కానీ తప్పు ఆకారంలో. అంచు దగ్గర తేడా సుమారు 2.2 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కారణం, అద్దం ఆకారాన్ని కొలిచే పరికరంలో ఒక లెన్సు ఉండాల్సిన చోటికి 1.3 మిల్లీమీటర్ల తేడాతో బిగించి ఉంది. నన్ను ఆపేసిన సంగతి అది కాదు. భూమ్మీద ఉన్నప్పుడే వేరే పరికరాలతో చేసిన పరీక్షలు తేడా ఉందని చూపించాయి. అవి అంత ఖచ్చితమైనవి కావు కదా అని ఆ ఫలితాలను పక్కన పెట్టారు. చివరికి 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్ళి, ఆ లోపాన్ని సరిచేసే ఆప్టిక్స్ అమర్చి రావాల్సి వచ్చింది. మా ఏడో రోజు కాగితం సరిగ్గా ఇదే.

అందుకే మీ మొదటి ప్రశ్నకి నా జవాబు ఇది. చెక్ చేయడం ఎప్పుడు అన్నదాన్ని బట్టే అది కంట్రోలా, రికార్డా అని తేలుతుంది. ఫలితం చేతికి వచ్చేసరికి పని ఇంకా మార్చుకోగలిగే దశలో ఉండాలి. 28 రోజుల క్యూబు అవసరమే, కాని అది పోస్ట్‌మార్టం. కాంక్రీటును నిజంగా కంట్రోల్ చేసేది పంపు దగ్గర రెండు నిమిషాల్లో తేలే స్లంప్ టెస్టు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మా బావమరిది ఈ మాట విని, రిలీజ్‌కి రెండు రోజుల ముందు మొదలయ్యే వాళ్ళ టెస్టింగ్ గురించి అరగంట వాపోయాడు.

మేం మార్చినవి ఎక్కువేమీ లేవు. స్లంప్ ప్రతి బండికీ, పంపు హాపర్ దగ్గరే. క్యూబులు ఏ బండి నుంచి తీయాలో ఆ ఉదయం చీటీ తీసి తేల్చేవాళ్ళం, టెక్నీషియన్ ఇష్టం కాదు. పంపు దగ్గరి నీళ్ళ పైపు తీసేశాం. బిగుసుకుంటే ప్లాంటు వాళ్ళు ఒప్పుకున్న మోతాదులో రసాయనం మాత్రమే కలపాలి, అదీ క్వాలిటీ వాళ్ళ ఎదురుగా. బండ్ల మధ్య ఎడం పెంచాం. నిజానికి అన్నిటికంటే ఎక్కువ పని చేసింది ఇదే, ఎందుకంటే బండి నిలబడకపోతే నీళ్ళు పోయాల్సిన అవసరమే రాదు. ఏడో రోజు ఫలితం ఎంతకి తగ్గితే పైన పని ఆపాలో అంకె ముందే రాసి, అందరితో సంతకం పెట్టించాం. ఇది చాలా ముఖ్యం. అంకె వచ్చాక మాట్లాడుకుంటే ఎవరో ఒకరు సాకు కనిపెడతారు, మేం కనిపెట్టినట్టే.

ఆపే అధికారం గురించి కూడా చెప్పాలి. కొత్త నియమం వచ్చిన రెండో వారం ఒక బండి స్లంప్ హద్దు దాటింది. కోను ఎత్తగానే ముద్ద నిలబడలేదు, పళ్ళెం మీద పరుచుకుపోయింది. అప్పటికే షట్టరింగ్ (కాంక్రీటు పోసే అచ్చు) సగం నిండి ఉంది, పైనుంచి మేస్త్రీ కేకలు. కుర్రాడు నా మొహం చూశాడు, నేను మా మేనేజర్‌కి ఫోన్ చేశాను. ఆయన ఐదు క్షణాలు ఏమీ మాట్లాడలేదు, తర్వాత 'పంపించెయ్' అన్నారు. బండి వెనక్కి వెళ్ళింది. ఆ ఐదు క్షణాల్లో ఆయన ఇంకోలా అని ఉంటే, ఆ రోజు నుంచి స్లంప్ టెస్టు మళ్ళీ ఒక టిక్కు అయిపోయేది. మేనేజర్‌గా మీరు చేయాల్సిన క్వాలిటీ పనిలో సగం ఇదే.

ఇంకోటి, అంకెలను ఫైల్లో పెట్టకుండా గోడ మీద గీయండి. 1924లో వాల్టర్ షూహార్ట్ కనిపెట్టిన కంట్రోల్ చార్ట్ అదే. మధ్యలో సగటు గీత, పైనా కిందా మూడేసి సిగ్మాల దూరంలో హద్దులు (సిగ్మా అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత). అంతా మామూలుగా నడుస్తుంటే 99.73 శాతం చుక్కలు ఆ హద్దుల్లోనే పడాలి. ఏదైనా హద్దు దాటితే ప్రత్యేకమైన కారణం ఉన్నట్టు, వెతకాలి. హద్దుల లోపలే ఉన్నా వరసగా ఏడు చుక్కలు సగటుకి ఒకే పక్కన పడితే అదీ సంకేతమే. ఈ హద్దులను క్లయింటు అడిగిన హద్దులతో కలపకండి. క్లయింటు హద్దు ఏం కావాలో చెబుతుంది, చార్ట్ హద్దు మీ పద్ధతి ఏం ఇవ్వగలదో చెబుతుంది. మా గోడ మీది చార్ట్‌లో చుక్కలు మునుపటికంటే ఎక్కువ ఎగుడుదిగుడుగా కనిపించాయి, కొన్ని నచ్చలేదు కూడా. ఇప్పుడైనా నిజం కనిపిస్తోంది అనుకున్నాను.

మీరు చిన్న టీమ్ అన్నారు, క్వాలిటీకి వేరే మనిషి లేరన్నారు. అయితే అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. గత ఆరు నెలల్లో మళ్ళీ చేయాల్సి వచ్చిన పనులన్నీ ఒక కాగితం మీద రాసి, ఏ కారణం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. సాధారణంగా రెండు మూడు కారణాల దగ్గరే ఎక్కువ పోగుపడి ఉంటాయి. వాటికి మాత్రం ముందు తనిఖీ పెట్టండి. పని చేసినవాళ్ళ పనిని వాళ్ళే కాకుండా పక్కవాళ్ళు చూసేలా మార్చుకోండి.

మీ చెక్‌లిస్టు ఫారం రేపే తెరవండి. 'సరిగ్గా ఉంది' అని టిక్కు పెట్టే గడి ఉన్నచోట, కొలిచిన అంకె, ఎక్కడ కొలిచారు, ఎన్ని గంటలకి అని రాసే మూడు గడులు పెట్టండి. ఆఫీసులో కూర్చుని టిక్కు పెట్టొచ్చు గానీ, ఆ మూడూ రాయాలంటే పని దగ్గరికి వెళ్ళక తప్పదు. అబద్ధపు అంకెలు రాసేవాళ్ళు ఉండరా అంటే ఉంటారు, మాకూ ఒకరు దొరికారు. అన్ని బండ్లకీ 120 మిల్లీమీటర్లే రాశాడు. గోడ మీద చార్ట్‌లో అది గీత గీసినట్టు తిన్నగా కనిపించింది, అడగ్గానే ఒప్పుకున్నాడు.