రైట్స్ ఇద్దరికి అమ్మితే మనకి చవకవుతుందా? నాకైతే బిల్లు రెండయింది

ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్‌లు చూపించే రైట్స్ (హక్కులు) మొత్తం ఒకే ఛానల్ చేతిలో ఉంటే వాళ్ళు చెప్పిందే రేటు, అదే ఇద్దరు ముగ్గురికి పంచి అమ్మితే పోటీ పెరిగి మనకి తగ్గాలి కదా అని ఒకరు అడిగారు. నేనూ అచ్చం ఇలాగే అనుకునేవాణ్ణి, అనుకోవడమేంటి, ఫ్రెండ్స్ గ్రూప్‌లో గంటసేపు వాదించి నెగ్గాను కూడా. తర్వాత నిజంగానే నేను చూసే లీగ్ రైట్స్ రెండు కంపెనీలకి పోయాయి. ఆ సీజన్ నుంచి నాకు రెండు బిల్లులు.

ఎందుకంటే ఇక్కడ ఎక్స్‌క్లూజివ్, అంటే ఒక్కరికే హక్కు అనేది, లీగ్‌కి కాదు, మ్యాచ్‌కి. శనివారం మ్యాచ్ వీళ్ళది, ఆదివారం మ్యాచ్ వాళ్ళది, మీ టీమ్ ఆడే ఒక్కో మ్యాచ్ మాత్రం ఎప్పుడూ ఒక్కచోటే దొరుకుతుంది. వాళ్ళిద్దరూ కొట్టుకునేది వేలంలో, లీగ్ ముందర. మన ముందర కాదు.

ఇంగ్లాండ్‌లో జరిగింది చూడండి. 1992లో అక్కడి టాప్ ఫుట్‌బాల్ లీగ్, ప్రీమియర్ లీగ్, మొదలైనప్పుడు లైవ్ మొత్తం స్కై అనే పే టీవీ కంపెనీ ఒక్కటే తీసుకుంది, బీబీసీకి హైలైట్స్, అంతా కలిపి ఐదేళ్ళకి 30.4 కోట్ల పౌండ్లు. ఒకే కంపెనీకి మొత్తం ఇవ్వకూడదని యూరోపియన్ కమిషన్ పట్టుబట్టాక 2007 సీజన్ నుంచి ఆరు ప్యాకేజీల్లో రెండు సెటాంటా అనే ఇంకో పే ఛానల్‌కి వెళ్ళాయి, అంటే స్కైలో 92 మ్యాచ్‌లు, సెటాంటాలో 46, అన్నీ కావాలంటే రెండూ కట్టాలి. సెటాంటా 2009లో చేతులెత్తేసింది, ఆ ప్లేస్‌లోకి ఈఎస్‌పీఎన్, తర్వాత టెలికాం కంపెనీ బీటీ వచ్చాయి, స్కైకీ బీటీకీ పంతాలు ఎక్కడిదాకా పోయాయంటే 2015 వేలంలో మూడేళ్ళకి 513.6 కోట్ల పౌండ్లు పలికింది. ఆ డబ్బు చివరికి ఎవరి జేబులోంచి వస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

నా సంగతికొస్తే, డెర్బీ (ఒకే ఊరి ప్రత్యర్థి టీమ్‌ల మ్యాచ్) రోజు సాయంత్రం ఫోన్ సైలెంట్‌లో పెట్టి, అన్నీ సర్దుకుని కూర్చుని యాప్ తెరిచా. రెండు టీమ్‌ల లోగోలు కనిపిస్తున్నాయి, కిందే చిన్న తాళం బొమ్మ, "ఈ మ్యాచ్ మీ ప్లాన్‌లో లేదు". సరే అని రెండో యాప్ డౌన్‌లోడ్ చేసి, కొత్త అకౌంట్, కార్డ్ నంబర్, ఓటీపీ, అది రాకపోతే మళ్ళీ ఓటీపీ, ఇదంతా అయ్యి స్ట్రీమ్ ఓపెన్ అయ్యేసరికి పదిహేనో నిమిషం, అప్పటికే మా వాళ్ళు ఒక గోల్ తిన్నారు. పైగా ఆ స్ట్రీమ్ అరనిమిషం లేటు, పై ఫ్లోర్‌లో ఎవరో అరిచిన ప్రతిసారీ గోల్ పడబోతోందని నాకు ముందే తెలిసిపోయేది. కంగారులో నేను నొక్కింది ఏడాది ప్లాన్ అని మర్నాడు మెసేజ్ చూస్తే గానీ తెలీలేదు, క్యాన్సిల్ చేయమంటే రీఫండ్ లేదన్నారు.

నిజమైన పోటీ అంటే ఏంటో ఇంగ్లాండ్‌లోని పోర్ట్స్‌మత్‌లో పబ్ నడిపిన కారెన్ మర్ఫీ కేసు చూస్తే అర్థమవుతుంది. ఆవిడ అదే ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లని గ్రీస్ ఛానల్ డీకోడర్ కార్డ్‌తో స్కై కంటే చాలా చవగ్గా పబ్‌లో వేసింది, లీగ్ తరఫు వాళ్ళు దేశానికొకరికి ఎక్స్‌క్లూజివ్‌గా అమ్మాం కాబట్టి ఇది తప్పని కేసు పెట్టి ఫైన్ వేయించారు. అది యూరోప్ కోర్టు దాకా వెళ్ళి, వేరే దేశం కార్డ్ వాడొద్దని అడ్డుకోవడం కుదరదని 2011లో తీర్పొచ్చింది. ఒకే మ్యాచ్, ఇద్దరు అమ్మేవాళ్ళు, అప్పుడే కదా రేటు తగ్గేది. ప్యాకేజీలుగా ముక్కలు చేస్తే జరిగేది అది కాదు, ఒక పెద్ద గుత్తాధిపత్యం పోయి రెండు మూడు చిన్నవి వస్తాయంతే.

అలాగని లీగ్‌లని పూర్తిగా తిట్టలేను. పక్కవాడి దగ్గర కూడా దొరికే మ్యాచ్‌కి ఏ ఛానలూ అంత డబ్బు పెట్టదు, ఆ డబ్బే చిన్న క్లబ్‌లకీ ఊపిరి. కాకపోతే వేలంలో ఆవేశపడి పాడేసి తర్వాత కట్టలేనివాళ్ళు ఉంటారు చూడండి, వాళ్ళతోనే అసలు డేంజర్. 2002లో ఇంగ్లాండ్‌లో ఐటీవీ డిజిటల్ అనే పే టీవీ కంపెనీ మునిగిపోయింది, 31.5 కోట్ల పౌండ్ల డీల్‌ని నమ్ముకుని ఆటగాళ్ళకి జీతాలు పెంచేసుకున్న కింది డివిజన్ క్లబ్‌లు నడివీధిలో పడ్డాయి. ఫ్రాన్స్ ఫుట్‌బాల్ లీగ్‌కి మీడియాప్రో అనే స్పెయిన్ కంపెనీ ఏడాదికి 80 కోట్ల యూరోల పైన ఇస్తానని వచ్చి 2020లో కొన్ని నెలలకే వాయిదా కట్టలేక తప్పుకుంది, ఆ మ్యాచ్‌లే అమెజాన్ ఏడాదికి 25 కోట్ల యూరోలకి ఎగరేసుకుపోయింది. చివరికి 2025లో ఆ ఫ్రెంచ్ లీగ్ తనే సొంత ఛానల్ పెట్టుకుంది, నన్నడిగితే ఆ పని ఇంకా ముందే చేయాల్సింది.

మీకు పనికొచ్చే ముక్క ఒకటి చెప్తా. సీజన్ మొదట్లో ఏదీ ఏడాదికి కొనకండి. ఏ మ్యాచ్ ఎవరు చూపిస్తారో ముందుగానే ప్రకటిస్తారు కాబట్టి ఆ లిస్ట్ రాగానే మీ టీమ్ మ్యాచ్‌లు మాత్రం మార్క్ చేసుకుని, ఎవరి దగ్గర ఎక్కువ పడ్డాయో ఆ నెలకి వాళ్ళదే తీసుకోండి. పోయిన డిసెంబర్‌లో మా వాళ్ళవి ఐదింట్లో నాలుగు ఒకరి దగ్గరే పడ్డాయి, ఆ ఐదోది హైలైట్స్‌లో చూశా, ఎలాగూ సున్నా సున్నా డ్రా.